దారి లేనిచోట దారి: ఊళ్ళో మాయలాట వింతలు, విశేషాలు

సూరత్ నుంచి నవ్‌సారి వైపు వెళ్తుంటే ఉధ్నా, భెస్తాన్ దాటాక ఉన్ తగులుతుంది. టెంపోల మీద బట్ట తాన్లు, రోడ్డు వార చాయ్ బండ్లు, సందులోకి తిరిగితే సాంచాల (మరమగ్గాల) మోత. మాయలకూ మంత్రాలకూ ఇక్కడ చోటెక్కడిది అనిపించే ఊరు. అయితే ప్రపంచంలో చాలామంది సెలవు రోజున ఒక బల్ల చుట్టూ చేరి సరిగ్గా ఇలాంటి ఊళ్ళలోకే మాయల్ని దింపుతుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలిన నలుగురైదుగురు తలా ఒక పాత్ర తీసుకుంటారు. చిక్కు ఎదురైనప్పుడు కథ నడిపే మనిషి అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఇప్పుడేం చేస్తావు?’ ఆటగాడు చెప్తాడు. అది జరుగుతుందో జరగదో తేలనప్పుడు పాచికలు వేస్తారు. రోల్‌ప్లే ఆట అంటే ఇంతే. అందులో నగరాలనే రంగస్థలం చేసుకునే రకాన్ని అర్బన్ ఫాంటసీ అంటారు. అక్కడ రక్తపిశాచి కూడా అద్దె కట్టాలి, మంత్రగాడు కూడా ట్రాఫిక్‌లో ఆగాలి.

ఈ ఆటల్లో ఎవరు ఎంత బలవంతులో, ఎన్ని రాక్షసుల్ని కొట్టారో నాకు గుర్తుండదు. కథ నడిపేవాడు ఊహించని దారిలో ఆటగాడు బయటపడ్డ ఘట్టాలు మాత్రం ఒక్కటీ మరిచిపోను. అవే ఇక్కడ పోగు చేశాను. కొన్ని మన వాళ్ళవి. వాటిని ఆట అని మనం ఎప్పుడూ అనుకోలేదు, అంతే.

మొట్టమొదట తోవ తప్పిన ఆట

1969లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ అనే యువకుడు స్నేహితుల కోసం ఒక యుద్ధపు ఆట తయారుచేశాడు. నెపోలియన్ కాలం, బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్నం. అప్పటిదాకా ఇలాంటి ఆటల్లో ఆటగాళ్ళు సైన్యాలను నడిపేవాళ్ళు. వెస్లీ ఇంకో మెట్టు ఎక్కి, పట్నంలో ఉండే మనుషుల పాత్రలు కూడా కొందరికి ఇచ్చాడు. ఒకరు మేయరు, ఒకరు విశ్వవిద్యాలయం పెద్ద, ఒకరు బ్యాంకరు. వీళ్ళ పనులు కాస్త సాగాక సైన్యాలు వస్తాయి, అసలు ఆట మొదలవుతుంది అనుకున్నాడు.

అసలు ఆట మొదలే కాలేదు. ఇద్దరు ఆటగాళ్ళు వచ్చి, మేం ద్వంద్వయుద్ధం చేసుకుంటున్నాం అన్నారు. దానికి నియమాలు లేవు. వెస్లీ అప్పటికప్పుడు ఏదో కల్పించి తేల్చాడు. ఒకడు చచ్చాడు, చంపినవాడు జైల్లో పడ్డాడు. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరి కుట్రలు వాళ్ళవి, సైన్యం ఊసే లేదు. ఆట చెడిందని వెస్లీ బెంగపడ్డాడు. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడని వెంటపడ్డారు. అతనికి ధైర్యమిచ్చినది ఒక పాత పుస్తకం. చార్లెస్ టాటెన్ 1880లో సైనికుల శిక్షణ కోసం రాసిన ‘స్ట్రాటెగోస్’. ఆటగాడు ఏ ప్రయత్నమైనా చెయ్యవచ్చు, అది ఫలిస్తుందా లేదా అన్నది మధ్యవర్తి తేలుస్తాడు అన్న పద్ధతి అందులో ఉంది. ఈ ఆటలన్నీ ఆ ఒక్క అనుమతి మీదే నిలబడ్డాయి.

అందరికన్నా దర్జా అయిన దొంగ కార్డు

వెస్లీ తర్వాత వేసిన ఆటల్లో ఒకటి బనానియా అనే కల్పిత లాటిన్ అమెరికా దేశంలో జరిగింది. డేవ్ ఆర్నెసన్‌కు దక్కింది విద్యార్థి ఉద్యమకారుడి పాత్ర. బలం లేదు, డబ్బు లేదు, తుపాకీ లేదు. వీధుల్లో కరపత్రాలు పంచితే కొన్ని మార్కులు వస్తాయి, అంతే.

ఆర్నెసన్ ఇంటి దగ్గరే అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. పేరుతో ఒక గుర్తింపు కార్డు తయారుచేసుకుని జేబులో పెట్టుకొచ్చాడు. సమయం చూసి బయటికి తీశాడు. నేను విద్యార్థిని కాను, ఈ వేషంలో వచ్చిన ఏజెంటును అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న సైనికాధికారులు, పోలీసులు, తిరుగుబాటుదారులు అందరూ నమ్మేశారు. చివరికి దేశపు ఖజానా మొత్తం అతని హెలికాప్టర్‌లోకి చేరింది. దాటిపోతూ పోతూ హెలికాప్టర్‌లోంచి రాజధాని వీధుల మీద కరపత్రాలు కుమ్మరించాడట. ఆ మార్కులు కూడా వదల్లేదన్నమాట. ఆ బృందం వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకున్న కథ ఇది. వేషంలో ఇంకో వేషం వెయ్యవచ్చని నియమావళిలో ఎక్కడా లేదు. వెయ్యకూడదనీ లేదు.

అన్నిటికన్నా పెద్ద పందెం

ఆర్నెసన్ ఓడిపోతే పోయేది ఒక సాయంత్రం. మన దగ్గర ఒక బృందం ప్రాణాల్నే పందెం పెట్టి ఆడింది. కడప జిల్లా మాచుపల్లి కైఫియత్తులో ఆ సంగతి ఉంది. ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ ఇలా ఊరూరా చరిత్రలు సేకరించబట్టి ఇది మనదాకా వచ్చింది.

16వ శతాబ్దం తొలి ఏళ్ళు. సిద్ధవటం సీమను సమ్మెట గురవరాజు ఏలుతున్నాడు. పన్ను కట్టలేని ఇళ్ళ ఆడవాళ్ళను చిత్రహింసలు పెట్టి సొమ్ము వసూలు చేయించేవాడు. కూచిపూడి భాగవతులు ఆ దారిన విజయనగరం వెళ్తూ ఆ ఘోరాన్ని కళ్ళారా చూశారు. రాజధానిలో వీరనరసింహరాయల ముందు ప్రదర్శన ఇచ్చే అవకాశం దొరికింది. ఊరూరా తిరిగి ఆడి పొట్టపోసుకునే కళాకారులు ఒక సామంతుడి మీద రాయలకు ఫిర్యాదు ఎలా చేస్తారు? ఎవరు వింటారు? విన్నా ఎవరు నమ్ముతారు?

వాళ్ళు ఫిర్యాదు చెయ్యలేదు. ఆడి చూపించారు. ఒకడు గురవరాజు వేషం కట్టాడు, ఇంకొందరు భటులయ్యారు, ఇంకొకడు హింసకు గురయ్యే ఇల్లాలు అయ్యాడు. తాము చూసింది చూసినట్టు సభలో నిలబెట్టారు. ఇది కట్టుకథ కాదని రాయలకు అర్థమైంది. సైన్యం కదిలింది, గురవరాజు పట్టుబడ్డాడు, మరణశిక్ష పడింది.

చిక్కుకు ఆటగాళ్ళు కనిపెట్టిన ఉపాయాల్లో ఇంతకన్నా గొప్పది నాకు తెలియదు. మాటగా అంటే నేరమయ్యేది వేషంగా చూపితే సాక్ష్యమైంది. పగటి వేషాల మీద కూడా నాకు గౌరవం ఇందుకే. తెర లేదు, వేదిక లేదు, పట్టపగలు బజారులో నిజం మనుషుల మధ్య నడుస్తూ, చూసేవాడు నిజమే అనుకునేంతగా ఒదిగిపోవడం సామాన్యమైన పని కాదు.

రక్తపిశాచికి విరుగుడుగా పుట్టిన పూజారి

బనానియా ఖజానా దోచిన ఆర్నెసనే 1971లో బ్లాక్‌మూర్ అనే ఆట మొదలుపెట్టాడు. అందులో ఒక ఆటగాడి పాత్ర రక్తపిశాచిగా మారి, సర్ ఫాంగ్ అనే పేరుతో అందరికీ ముప్పు అయింది. కత్తులకు లొంగడు. అప్పుడు మైక్ కార్ అనే ఆటగాడు బిషప్ వేషంలో దిగాడు. సినిమాల్లో శిలువ పట్టుకుని పిశాచాల్ని తరిమే వాన్ హెల్సింగ్ లాంటి మనిషి. ఒక్క పిశాచి కోసం కల్పించిన ఆ పాత్ర 1974లో అచ్చయిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ‘క్లెరిక్’ అనే తరగతిగా స్థిరపడి ఇప్పటికీ ఉంది. గ్యారీ గైగాక్స్, ఆర్నెసన్ కలిసి తెచ్చిన ఆ తొలి పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, అచ్చేసిన ప్రతులు 1,000. అవి అమ్ముడుపోవడానికి ఏడాదికి కాస్త తక్కువ పట్టింది.

అతి భయంకరమైన సమాధి, రెండు తాళంచెవులు

1975లో బాల్టిమోర్‌లో జరిగిన ఆరిజిన్స్ పోటీకి గైగాక్స్ ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ అనే సమాధిని తీసుకొచ్చాడు. 1978లో పుస్తకంగా వచ్చింది. మా పాత్రలు ఎంత బలమైనవో అని మురిసిపోయే ఆటగాళ్ళకు బుద్ధి చెప్పడానికే రాశాడు. అడుగడుగునా బోను. అందులోంచి ప్రాణాలతో బయటపడితేనే ఘనత.

రాబ్ కుంట్జ్ అనే ఆటగాడు తన రోబిలార్ పాత్రతో వెళ్ళాడు. తన వెంట ఉన్న ఓర్క్ రాకాసులను వరసగా ముందుకు తోలాడు. బోనులన్నీ వాటిని మింగాయి. చివరి గదిలో, సమాధిలోని మాంత్రికుడు అసెరెరాక్ పుర్రె గాల్లోకి లేవగానే, కొట్లాటకు దిగకుండా నిధిని సంచీలోకి ఊడ్చుకుని పరుగెత్తాడు. ఆట చరిత్రలో ఇది పేరున్న విజయం. అయినా నాకు మనసొప్పదు. చావడానికి ఇంకొకర్ని ముందు నడిపించడం తెలివే కావచ్చు, అందులో ముచ్చట పడడానికి ఏమీ లేదు.

నాకు నచ్చిన తాళంచెవి వేరే ఉంది. ఆ సమాధి లోపలే ఒక కిరీటం, రాజదండం దొరుకుతాయి. కిరీటం తల మీద పెట్టుకున్నవాడికి దండం తప్పు కొస తగిలితే బూడిదైపోతాడు. ఆటగాళ్ళను చంపడానికి పెట్టిన బోను అది. ఒక బృందం ఆ రెండింటినీ చివరిదాకా జాగ్రత్తగా మోసుకెళ్ళి, కిరీటాన్ని అసెరెరాక్ పుర్రె మీదే పెట్టి, దండం తప్పు కొసను తాకించిందని ఆటగాళ్ళు చెప్పుకుంటారు. పుర్రె బూడిద. రాసినవాడే అది చెల్లుతుందని ఒప్పుకున్నాడట. వేటగాడి వల వేటగాడి మీదే విసరడం మన పంచతంత్రం చదివిన పిల్లలకు కొత్తేమీ కాదు.

తల లేని తలకాయ

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ పురాణంలో వెక్నా అనే మాంత్రికుడి చెయ్యి, కన్ను చాలా శక్తిమంతమైన వస్తువులు. ఎవరైనా తన చెయ్యి నరుక్కుని ఆ చెయ్యి అతికించుకుంటే ఆ శక్తి వస్తుంది. ఒకే లోకంలో పోటీపడుతున్న రెండు జట్లలో ఒకటి, వెక్నా తలకాయ కూడా ఉందని పుకారు పుట్టించి, ఒక మామూలు తలకాయను దాచిపెట్టి, చుట్టూ బోనులు పేర్చింది. రెండో జట్టు నానా కష్టాలు పడి సాధించింది. ఆ తర్వాత తల ఎవరు నరికించుకోవాలని వాదించుకుని మరీ నరికించుకుంది.  ఎదుటివాడి ఆశే ఆయుధం.

అతి పొడవైన వరస

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల ప్రకారం ఒక్కో మనిషి 5 అడుగుల చోటులో నిలబడతాడు. పక్కవాడు ఇచ్చింది అందుకుని ఇంకో పక్కకు అందించే వీలు ప్రతివాడికీ ఉంటుంది. ఆటలో ఒక విడత 6 సెకన్లు. అయితే 2,280 మంది రైతుల్ని వరసగా నిలబెట్టి ఒక కర్ర చేతులు మారిస్తే? లెక్క వేసి చూడండి. వరస పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. కర్ర వేగం సెకనుకు దాదాపు 579 మీటర్లు, గాల్లో శబ్దం కన్నా ఒకటిన్నర రెట్లకు పైన. దీనికి రైతుల ఫిరంగి అని పేరు పెట్టుకున్నారు. చిక్కల్లా చివరి రైతు దగ్గర వస్తుంది. అతను విసిరితే నియమాల ప్రకారం అది విసిరిన కర్ర మాత్రమే, తగిలే దెబ్బ కూడా అంతే. 2024లో వచ్చిన ఆట నిర్వాహకుల పుస్తకం ఈ ఫిరంగి పేరెత్తకుండానే దీన్ని ఉదాహరణగా చూపి, ఆట నియమాలు భౌతికశాస్త్రం కావని చెప్పింది. ఆటగాళ్ళ చిలిపి లెక్క ఒకటి అధికారిక గ్రంథంలోకి ఎక్కింది.

అతి చిన్న శత్రువులు

ఉపాయం ఆటగాళ్ళ సొత్తే కాదు. డ్రాగన్ పత్రిక 127వ సంచికలో, 1987 నవంబరులో, సంపాదకుడు రోజర్ మూర్ టకర్ అనే నిర్వాహకుడి కోబోల్డ్‌ల గురించి రాశాడు. కోబోల్డ్ అంటే మొదటి రోజే చంపేసే అల్ప ప్రాణి. టకర్ వాటికి బలం పెంచలేదు. మంట పెట్టి పొగలోకి తోలడం, సందుల్లోంచి కొట్టి మాయమవడం, వెనక తలుపులు మూసేయడం నేర్పాడు, అంతే. పెద్ద రాక్షసుల్ని చంపిన వీరులు వాటి పేరు చెప్తే వేరే దారి చూసుకునేవారు.

అతి దీర్ఘం, అతి పెద్దది, ఆపైన కాకినాడ

కెనడాలో ఒంటారియో రాష్ట్రపు లండన్ నగరంలో రాబర్ట్ వార్డాఫ్ అనే చరిత్ర ఆచార్యుడు 1982లో మొదలుపెట్టిన కథను ఇంకా నడుపుతున్నారు. పాత ఆటగాళ్ళ పిల్లలు కూడా వచ్చి చేరారు. 2023 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రం ప్రోవోలో 1,227 మంది ఒకేసారి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడి గిన్నిస్ రికార్డు పెట్టారు. అది ఎన్నో బల్లలు, ఎందరో నిర్వాహకులు.

1996లో కాకినాడలో గరికిపాటి నరసింహారావు గారు సహస్రావధానం చేసినప్పుడు పృచ్ఛకులు 1,116 మంది. ఇటువైపు ఒక్కరు. ఈ రెండు సంఖ్యలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను.

అవధానం రోల్‌ప్లే ఆట కాదు, నిజమే. కానీ ఎదుటివాడు కావాలని పెట్టిన అడ్డంకిని నియమం మీరకుండా దాటడంలో అంత ముదిరిన ఆట ఇంకెక్కడుంది? దత్తపదిలో ఇడ్లి, వడ, పూరి లాంటి మాటలిచ్చి భారతార్థంలో పద్యం చెప్పమంటారు. అవధాని వడను ‘వడలిన’లో, పూరిని ‘పూరించు’లో దాచేస్తాడు. సమస్యాపూరణంలో ‘సతి’ని నిందించే పాదం ఇస్తే, పై పాదం చివర ఒక ‘వ’ తగిలించి దాన్ని ‘వసతి’ చేస్తాడు. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం మారలేదు, అర్థం మాత్రం ఊరు దాటిపోయింది. కిరీటాన్ని పుర్రె మీద పెట్టినవాళ్ళు చేసిన పని ఇదే.

నగరం మాయకు పెట్టిన షరతులు

1989లో వచ్చిన షాడోరన్‌లో మంత్రాలు, కంపెనీలు కలిసి ఏలే 2050 నాటి సియాటిల్ ఉంటుంది. 1991లో మార్క్ రైన్-హేగెన్ తెచ్చిన వాంపైర్: ద మాస్కరేడ్‌లో ఆటగాళ్ళే రక్తపిశాచులు. నగరంలో మామూలు మనుషులకు మీ సంగతి తెలియకూడదన్నది తొలి షరతు. ఈ ఒక్క షరతు ఉపాయాల రంగునే మార్చేసింది. గోడ బద్దలు కొట్టే బలం ఉన్నా కొట్టలేరు. వాచ్‌మన్‌ని మాటల్లో పెట్టాలి, ఫ్యూజు పీకాలి, మర్నాడు పేపర్లో ఏం రావాలో ముందే చూసుకోవాలి. 1993లో దీన్నే వేషాలు కట్టి నడుస్తూ ఆడే పద్ధతి వచ్చింది. నడిచే ఆటలో పాచికలు దొర్లించడం కుదరదు. వాటి బదులు రాయి, కాగితం, కత్తెర పెట్టుకున్నారు. చిన్నపిల్లల చేతి సైగలతో పిశాచుల తగాదాలు తీరాయి.

అతి బరువైన లొసుగు జిమ్ బుచర్ నవల ‘డెడ్ బీట్’లో ఉంది. 2005 నాటిది, కథాస్థలం షికాగో. మనుషుల శవాలను మంత్రంతో లేపడం మాంత్రికుల చట్టంలో నిషిద్ధం. జంతువుల ప్రస్తావన లేదు. శవం ఎంత పాతదైతే అంత బలం. ఫీల్డ్ మ్యూజియంలో స్యూ అనే టిరానోసారస్ ఎముకల గూడు నిజంగానే ఉంది. 1990లో దక్షిణ డకోటాలో దొరికింది, 1997లో మ్యూజియం దాన్ని 80 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. కథానాయకుడు దాన్ని లేపి షికాగో వీధుల్లో స్వారీ చేస్తాడు. ఈ నవలల మీద 2010లో రోల్‌ప్లే ఆట కూడా వచ్చింది. అందులో మొదటి రోజు పాత్రల్ని చెయ్యడంతో పాటు, అందరూ కూర్చుని తమ ఊరినే తయారుచేసుకుంటారు. ఎక్కడ ఏ భయం ఉంది, ఎవరి గుట్టు ఎక్కడ దాగింది అని.

జాన్ హార్పర్ 2017లో తెచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ఒక అడుగు ముందుకేసింది. దయ్యాలు తిరిగే నగరంలో దొంగల ముఠా కథ అది. కాపలావాడు అడ్డొచ్చాక ఆటగాడు, ‘వీడికి నిన్ననే లంచం ఇచ్చాను’ అనవచ్చు. కథ వెనక్కి వెళ్ళి ఆ నిన్నటి ఘట్టం చూపిస్తుంది. ఊరికే కాదు, ఆ మేరకు పాత్ర అలసట మూల్యంగా చెల్లించాలి. ముందుచూపును తర్వాత కొనుక్కోవడం! గంటల తరబడి పథకాలు వేసి విసిగిన బల్లలకు ఇది వరం.

ఉన్‌లో మొదటి రోజు

అలాగే సూరత్‌ను బల్ల మీద పెడదాం. సామగ్రికి కొదవ లేదు. 2023 డిసెంబరులో మొదలైన వజ్రాల బూర్స్ నేల వైశాల్యంలో పెంటగాన్‌ను మించినది. 1669లో పోయిన ఆంగ్లేయుడు జార్జ్ ఆక్సెండెన్ సమాధి చూసి, దానికన్నా ఘనంగా ఉండాలని 1691లో మరణించిన వాన్ రీడ్‌కు డచ్చివాళ్ళు సమాధి కట్టారు. ‘హోర్టస్ మలబారికస్’ అనే కేరళ మొక్కల మహాగ్రంథం వెలువరించినవాడు ఆయన. ఈ పోటీ రాత్రిపూట ఇంకా సాగుతూ ఉంటే? ఈ నగరపు కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుంది. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి సాంచాల మీద పని కోసం వచ్చిన పద్మశాలీల పిల్లలు ఎంత మంది ఉంటే ఆ అవసరం వచ్చిందో చూడండి. ఆ పిల్లల్లో ఒకరు మన బల్ల దగ్గర కూర్చున్నారనుకుందాం. ఇల్లు ఉన్‌లో.

చిక్కు ఇది. కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం నడుస్తున్న మొఘల్ సరాయి 1644లో కట్టిన సత్రం. సూరత్ అప్పుడు మక్కాకు రేవు. హజ్ యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. ఆ ఏడాది గదిలో దిగిన ఒక ముసాఫిరు ఇంకా ఖాళీ చెయ్యలేదు. రాత్రి ఫైళ్ళు కిందపడతాయి, దీపాలు ఆరుతాయి. ఎలా పంపుతారు?

మంత్రం వేద్దామని ఒకరంటారు. బాకీ అద్దె రసీదు రాసిద్దామని ఇంకొకరు. ఉన్ పిల్ల అడిగే ప్రశ్న వేరు: ఆయన దేనికోసం ఆగాడు? ఓడ కోసం. అయితే తాపీ ఒడ్డున ఓడ వచ్చిందని చెప్పాలి. కానీ ఆయన ఉత్త చేతులతో బయల్దేరడు. యాత్రికుడికి ఇహ్రాం కావాలి, కుట్టు పడని రెండు తెల్ల వస్త్రాలు. మూడున్నర వందల ఏళ్ళకు పైగా ఆయన మూటలో చివికిపోయినవి అవే.

నేసిచ్చే ఊరు మనదే కదా అంటుంది ఆ పిల్ల. ఆ వెంటనే తనే ఆగుతుంది. చుట్టూ సాంచాల మీద ఆడేది పాలిస్టర్, నైలాన్. ఆయన ఎరిగినది నూలు. ఇంట్లో నూలు పడుగు చేతులతో పోసిన మనిషి ఒక్క తాతే, ఆయన సిరిసిల్లలో ఉన్నాడు, మగ్గం అటక మీద ఉంది. తెల్లారేలోపు గుడ్డ కావాలి. పాచికలు ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.